డిఫెన్స్ సదస్సుకు పెద్దల్ని పిలవడం, వాళ్ల చేత పని చేయించుకోవడం ఎలా?

బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో, కంప్యూటరుతో లోహం కోసే సీఎన్‌సీ మెషీన్లు రెండు నడిపే ఒకాయన మా సదస్సుకు వచ్చాడు. చేతిలో చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో పాత గుడ్డలో చుట్టిన అల్యూమినియం బ్రాకెట్. తొమ్మిదిన్నరకి మొదలవ్వాల్సిన కార్యక్రమం పదింపావుకి మొదలైంది. జ్యోతి వెలిగించారు. వేదిక మీదున్న పదకొండు మందికీ మైసూరు పేటా (తలపాగా), శాలువా, ఏలకుల దండ. ఆ పైన ఒక రిటైర్డ్ పెద్దాయన నలభై నిమిషాలు దేశభక్తి గురించి మాట్లాడారు. ప్రశ్నల టైముకి లంచ్ చల్లారిపోతోందని మైకు తీసేశారు. బ్రాకెట్ ఆయన ఎత్తిన చెయ్యి దించి, డబ్బా మూత కూడా తియ్యకుండానే వెళ్లిపోయాడు.

ఆ సదస్సు ఏర్పాట్లు చూసినవాళ్లలో నేనొకణ్ని. ఆ పదకొండు మందిలో అరడజను మందిని ఫోన్ చేసి బతిమాలి పిలిచింది కూడా నేనే. అందరూ పెద్దవాళ్లే, అందరికీ విషయం తెలుసు. తెలిసిన విషయాన్ని వాళ్ల నుంచి బయటికి రాబట్టే ఏర్పాటే మేం చెయ్యలేదు. మీ పరిశ్రమల సంఘమో, కాలేజీయో, ఊరి స్నేహితులు కలిసి పెట్టుకున్న పారిశ్రామికవేత్తల గ్రూపో బెంగళూరులో ఇలాంటిది పెట్టాలనుకుంటే, ఆ తర్వాత నాలుగుసార్లు చేసి నేర్చుకున్నది కింద రాస్తున్నాను. నూటయాభై, రెండొందల మంది వచ్చే ఒకరోజు సదస్సుకు సరిపోతుంది. బీఐఈసీ ఎగ్జిబిషన్ సెంటర్‌లో ఐదు హాళ్లు తీసుకునే ప్రదర్శనలకి వేరే లెక్కలుంటాయి.

మొదట ప్రశ్న, తర్వాతే చీఫ్ గెస్ట్

మొదటి మీటింగులో ఎవరో ఒకరు "చీఫ్ గెస్ట్ ఎవరండీ?" అంటారు. ఆ మాట ఆ రోజుకి పక్కన పెట్టించండి. ముందు సదస్సు దేనికి జవాబు వెతుకుతోందో ఒక్క వాక్యంలో రాయండి. "రక్షణ రంగంలో స్వావలంబన: అవకాశాలు, సవాళ్లు" అని రాస్తే పని జరగదు. ఆ పేరు పెట్టుకుని వంకాయ కూర గురించి కూడా మాట్లాడొచ్చు. "చిన్న వర్క్‌షాపు తయారు చేసిన విడిభాగం మొదటి ఆర్డరు దాకా వెళ్లకుండా ఎక్కడ ఆగుతోంది? డ్రాయింగు దగ్గరా, టెస్టింగు దగ్గరా, సర్టిఫికేషన్ దగ్గరా, పేమెంటు దగ్గరా?" అని రాసుకోండి. ఎవర్ని పిలవాలో ఆ వాక్యమే చెప్పేస్తుంది, నాలుగు ముక్కలకీ నలుగురు కావాలని.

పథకాల గురించి పేపర్లో వచ్చినంత చెప్పడానికి నిపుణుడు అక్కర్లేదు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకొచ్చిన రక్షణ శాఖ కొనుగోలు విధానం డీఏపీ 2020. ఇక్కడే డిజైన్ చేసి, విలువలో కనీసం 50 శాతం స్వదేశీ సరుకు ఉన్నదానికి అది మొదటి పీట వేసింది. దిగుమతి చేసుకుంటున్న విడిభాగాల జాబితాలు రక్షణ శాఖ సృజన్ పోర్టల్‌లో ఉంటాయి. స్టార్టప్‌ల కోసం 2018 ఏప్రిల్‌లో చెన్నై డెఫ్‌ఎక్స్‌పోలో మొదలైన ఐడెక్స్ పథకం ఉంది, అందులోని మామూలు పోటీల్లో కోటిన్నర దాకా గ్రాంటు వస్తుంది. ఇంతవరకు ఒక కాగితం మీద అచ్చేసి కుర్చీల మీద పెట్టేయండి. సృజన్‌లో ఒక వస్తువు చూసి, చేస్తామని రాసి, నాలుగు నెలలైనా జవాబు రాకపోతే ఏ ఆఫీసులో ఏ హోదా మనిషికి ఉత్తరం రాయాలో చెప్పగలిగినవాడు మనకు కావాలి.

తేదీ గురించి ఒక్కమాట. బేసి సంవత్సరం ఫిబ్రవరిలో పెట్టకండి. 1996 నుంచి నడుస్తున్న ఏరో ఇండియా రెండేళ్లకోసారి యలహంక వైమానిక స్థావరంలో ఆ నెలలోనే జరుగుతుంది. అప్పుడు హోటల్ గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి, విమానాల టైములు మారిపోతాయి. మీ నిపుణులంతా ఏదో ఒక స్టాల్ దగ్గర ఇరుక్కుపోతారు. ఆ వారంలో ఎలాగూ అందరూ ఊళ్లోనే ఉంటారు కదా, సాయంత్రం పట్టుకుందాం అనుకున్నాం ఒకసారి. యలహంక నుంచి ఊళ్లోకి వచ్చే ట్రాఫిక్ సంగతి మర్చిపోయాం.

కమిటీలో ఎవరెవరు

ఏడుగురు చాలు. పదిహేను మందిని వేస్తే లెటర్‌హెడ్ నిండుతుంది కానీ మీటింగుకి ముగ్గురే వస్తారు.

ఒకరు వాడినవాళ్లు కావాలి, అంటే సైన్యంలోనో వైమానిక దళంలోనో పనిచేసి రిటైరైనవాళ్లు. ఇక్కడే అందరం తప్పు చేస్తాం, భుజం మీద నక్షత్రాలు లెక్కపెడతాం. ట్రయల్స్ చేయించిన కల్నల్, హ్యాంగర్‌లో ఇరవై ఏళ్లు మెయింటెనెన్స్ చూసిన వింగ్ కమాండర్ దొరికితే ఎయిర్ మార్షల్ కోసం ఆగొద్దు. కొత్త విమానాల్ని, ఆయుధాల్ని ఎగరేసి పరీక్షించే వైమానిక దళ సంస్థ ఏఎస్‌టీఈ బెంగళూరులోనే ఉంది. అక్కడ పనిచేసి ఈ ఊళ్లోనే స్థిరపడ్డవాళ్లు ఉంటారు, కాస్త వాకబు చెయ్యాలంతే.

ఇంకొకరు సర్టిఫికేషన్ మనిషి. మారతహళ్లి అంటే మనవాళ్లకి పీజీలు, ఆంధ్రా మెస్సులు గుర్తొస్తాయి. సైనిక విమానంలో పెట్టే వస్తువు ఎగరడానికి పనికొస్తుందో లేదో తేల్చే సెమిలాక్ కూడా అక్కడే ఉంది. నాణ్యత చూసేది డీజీఏక్యూఏ. ఈ రెండింటిలో ఏదో ఒకచోట పనిచేసిన మనిషి కమిటీలో లేకపోతే మీ సదస్సులో సగం ప్రశ్నలు గాల్లోనే ఉండిపోతాయి. కాగితాలు ఎక్కడ ఆగుతాయో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. వీళ్లకి సాధారణంగా శాలువాలు కప్పేవాళ్లు కూడా ఉండరు, పిలిస్తే సంతోషంగా వస్తారు.

రక్షణ పరిశోధన ల్యాబు మనిషిని పిలిచేటప్పుడు "డీఆర్‌డీఓ వాళ్లు" అని గుంపుగా అనుకోకండి. రాడార్లకి ఎల్‌ఆర్‌డీఈ, జెట్ ఇంజన్లకి జీటీఆర్‌ఈ, డ్రోన్లకి ఏడీఈ, కృత్రిమ మేధకీ రోబోలకీ కెయిర్. ఇవన్నీ బెంగళూరువే. క్షిపణులైతే హైదరాబాదు వైపు చూడాలి. క్షిపణి ల్యాబులు డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, 1970లో పెట్టిన క్షిపణుల తయారీ సంస్థ బీడీఎల్, ప్రత్యేక లోహాలకు మిధాని అన్నీ అక్కడివే. ట్యాంకులంటే చెన్నై పక్కన ఆవడి. రాడార్ ఆయన్ని తెచ్చి క్షిపణి గొట్టం గురించి అడిగితే ఆయన మర్యాద కొద్దీ ఏదో చెప్తారు. హాల్లో ఉన్నవాళ్లు దాన్ని రాసుకుంటారు కూడా, అసలు నష్టం అక్కడ. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లని కాచిగూడ వందేభారత్ ఎక్కించండి. యశ్వంతపురలో దిగితే పీణ్యా పక్కనే. విమానం దిగి ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే అలసట ఉండదు.

లెక్కల మనిషి ఒకరు, రక్షణ అకౌంట్స్ విభాగంలో బిల్లులు పాస్ చేసి రిటైరైనవాళ్లు. విమానాలు చేసే హెచ్‌ఏఎల్, ఎలక్ట్రానిక్స్ చేసే బెల్ లాంటి పెద్ద సంస్థలో కొనుగోళ్లో, వెండర్ డెవలప్‌మెంటో చూసినవాళ్లు ఒకరు. హెచ్‌ఏఎల్ 1940లో, బెల్ 1954లో ఈ ఊళ్లోనే పుట్టాయి, కాబట్టి అనుభవం ఉన్నవాళ్లకి కొరత లేదు. కాలేజీ నుంచో ఐఐఎస్‌సీ నుంచో ఒకరు.

ఏడో కుర్చీ చిన్న తయారీదారుడిది. దీన్ని ఇంకెవరికీ ఇవ్వకండి. ఐడెక్స్ పోటీలో గెలిచి ఫొటో దిగినవాళ్లు చాలామంది ఉంటారు. గెలిచి, ప్రోటోటైపు ఇచ్చి, ట్రయల్ దాటి, ఆర్డరు దాకా వెళ్లినవాణ్ని వెతకండి. ఆర్డరు దాకా వెళ్లలేక మధ్యలో ఆగిపోయినవాడు దొరికితే ఇంకా మంచిది, వాడు దాచుకోకుండా మాట్లాడతాడు.

అధ్యక్షుడు అంటే పెళ్లిపెద్ద

పెళ్లిలో పెద్దమనిషి తాళి కట్టడు, వంట చెయ్యడు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏ బావగారు ఏ మాటకి అలుగుతారో, ముహూర్తం దగ్గరపడితే ఎవర్ని గదమాయించాలో తెలిసుంటుంది. సదస్సు అధ్యక్షుడి పనీ అదే. ఆయనకి విషయం తెలియాలి, దాంతోపాటు వేదిక మీద ఉన్నవాళ్లని ఆపగలిగే పెద్దరికం ఉండాలి. ఈ రెండోది లేకపోతే మొదటిది ఎంతున్నా ఉపయోగం లేదు.

నేను చేసే పరీక్ష చెప్తాను. పిలిచేముందు ఇంటికి వెళ్లి కాఫీ తాగుతూ మన ప్రశ్న వాక్యం చూపించండి. "బాగుంది, తప్పకుండా వస్తాను, ఎంతసేపు మాట్లాడాలి?" అంటే ఆయన వక్త. మంచి వక్తే కావచ్చు, ఒక సెషన్ ఇవ్వండి. "ఇందులో టెస్టింగ్ అని రాశారు, ఏ టెస్టింగు? వైబ్రేషనా, ఈఎంఐ-ఈఎంసీయా (విద్యుదయస్కాంత అంతరాయాల పరీక్ష)? ల్యాబ్ స్లాట్ దొరకడం కష్టమా, ఫీజు కష్టమా?" అని తిరిగి అడిగితే మీ అధ్యక్షుడు దొరికాడు. ఒకసారి ఒక రిటైర్డ్ గ్రూప్ కెప్టెన్ గారు నా కాగితం మీద పెన్నుతో మూడు మాటలు కొట్టేసి, "ముందు దీన్ని పూర్తిగా రాసుకురా నాయనా" అని పంపించేశారు. ఆయన్నే పెట్టుకున్నాం.

ఒప్పుకున్నాక పని ఎంతో స్పష్టంగా చెప్పండి. మూడు నెలల్లో ఐదు మీటింగులు, వక్తలందరి స్లైడ్లు ఒకసారి చూడటం, సదస్సు రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండటం, అయ్యాక ఒక ఉత్తరం మీద సంతకం. గౌరవ వేతనం ఎంతో కూడా అప్పుడే చెప్పేయండి. "సార్ డబ్బు తీసుకోరు" అని మనమే అనుకుని శాలువాతో సరిపెట్టడం మనకి అలవాటు. కారు పెట్రోలు కూడా ఆయన జేబులోంచే పోతుంది.

రెండు జాగ్రత్తలు. పెద్ద హోదాల్లో రిటైరైన అధికారులు మొదటి ఏడాదిలో ప్రైవేటు కొలువు చేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మీ కమిటీ పని దాని కిందికి వస్తుందా రాదా అని ఆయన్నే తేల్చుకోమనండి, మొహమాటపడకండి. రెండోది, డీఆర్‌డీఓలాంటి సంస్థల నుంచి రిటైరైనవాళ్లు తమ సంస్థ పని గురించి ఏదైనా ప్రచురించాలంటే ముందే అనుమతి తీసుకోవాలని 2021లో పెన్షన్ నిబంధనలు మార్చారు. కాబట్టి సావనీర్‌లో వ్యాసం రాయమని వారం ముందు అడిగి ఇబ్బంది పెట్టొద్దు.

ఇక సొంత లాభాల సంగతి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. రిటైరైన చాలామంది ఏదో ఒక కంపెనీకి సలహాదారుగా ఉంటారు, అది తప్పేం కాదు. కానీ డ్రోన్ల సెషన్ నడిపే ఆయన ఒక డ్రోన్ కంపెనీ మనిషని హాల్లో అందరికీ ముందే తెలియాలి. కమిటీలోకి వచ్చేటప్పుడే ఒక కాగితం ఇచ్చి "ప్రస్తుతం ఏయే సంస్థలతో సంబంధం ఉంది" అని రాయించుకోండి. ఆ వివరం కార్యక్రమ పత్రంలో పేరు కిందే వేయండి. అందరి చేతా రాయిస్తే ఎవరూ నొచ్చుకోరు, ఒక్కరినే అడిగితే గొడవ. స్పాన్సరు ఇచ్చిన డబ్బుకి స్టాల్ ఇవ్వండి, బ్యానర్ కట్టండి. సెషన్ అధ్యక్షత మాత్రం అమ్మకండి.

అనుమతులు

ఇది విసుగు పుట్టించే భాగం, అయినా తప్పదు. సర్వీసులో ఉన్న అధికారికి వాట్సాప్‌లో ఆహ్వానం పంపి "ఓకే సర్" అనిపించుకుంటే అది ఆహ్వానం కాదు. వాళ్ల కార్యాలయానికి లెటర్‌హెడ్ మీద, కార్యక్రమ వివరాలు, మిగతా వక్తల పేర్లు, స్పాన్సర్ల పేర్లతో సహా కనీసం రెండు నెలల ముందు వెళ్లాలి. అనుమతి వచ్చినా చివరి వారంలో బదిలీయో, డ్యూటీయో పడొచ్చు. ప్రతి సెషన్‌కీ ఒక రిటైర్డ్ మనిషిని రిజర్వులో పెట్టుకుని, ఆ మాట ఆయనకీ చెప్పండి.

విదేశీ వక్త ఉంటే కాన్ఫరెన్స్ వీసా కావాలి, దానికి ముందు హోంశాఖ, విదేశాంగశాఖల అనుమతులు చూసుకోవాలి. "ఎలాగూ టూరిస్టు వీసా ఉంది, వచ్చేస్తా" అంటే వద్దనండి. స్లైడ్లు పది రోజుల ముందు తెప్పించి అధ్యక్షుడి చేత చూపించండి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ ఉంది. బయట ఇప్పటికే అచ్చయిన సమాచారం తప్ప ఏదీ తెర మీదికి రాకూడదు. ఇంకొకటి చిన్న షాపులవాళ్లకి చెప్పాలి, కస్టమర్ ఇచ్చిన డ్రాయింగు ఫోనులో పెట్టుకుని స్టాల్ దగ్గర అందరికీ చూపించొద్దని. మావాళ్లలో సగం మందికి అది తప్పని తెలీదు. సైనిక అవసరాల డ్రాయింగు విదేశీయుడికి ఈమెయిల్‌లో పంపితే అది కూడా ఎగుమతే. ఎగుమతి నియంత్రణల కోసం పెట్టిన స్కోమెట్ జాబితా ఆరో విభాగం కిందికి వస్తే లైసెన్సు కావాలి.

హాల్లో

ప్రారంభోత్సవం ఇరవై ఐదు నిమిషాలు. దీని మీద రాజీ పడొద్దు. వేదిక మీద ఐదుగురికి మించి కుర్చీలు వేయకండి, కుర్చీ ఉంటే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు. పేటాలు, దండలు లంచ్ తర్వాత, అందరూ కొంచెం నిద్రమత్తులో ఉన్నప్పుడు పెట్టుకుంటే కాలక్షేపంగా కూడా ఉంటుంది. పెద్దలు ఏమనుకుంటారో అని మొదటిసారి నేను బాగా టెన్షన్ పడ్డాను. ఎవరూ ఏమీ అనుకోలేదు.

సెషన్ డెబ్బై ఐదు నిమిషాలైతే నలుగురు వక్తలకి తలా తొమ్మిది నిమిషాలు, ప్రశ్నలకి ముప్పై పైన. ముందురోజు రాత్రి వక్తలందర్నీ అధ్యక్షుడి చేత ఒకే కాల్‌లో కలపండి. ఎవరు ఏం చెప్పబోతున్నారో విని, ఇద్దరు ఒకటే చెప్తుంటే ఒకరిని మార్చమనాలి. టైము కార్డు చూపించే పని కాలేజీ పిల్లలకి ఇవ్వకండి. వాళ్లు జనరల్ గారి ముందు ఎర్ర కార్డు ఎత్తలేరు. అధ్యక్షుడే పక్కకి వంగి, చెయ్యి మీద చెయ్యి వేసి "సర్, ఒక్క నిమిషం" అనాలి. ఆ చనువు ఉన్న మనిషినే పెట్టుకున్నాం కదా.

ప్రశ్నలు ముందే చీటీల మీద తీసుకోండి, ఏ భాషలోనైనా. బెంగళూరు హాల్లో తెలుగు, కన్నడ, తమిళం అన్నీ ఉంటాయి. హిందూపురం నుంచి వచ్చి పాతికేళ్లుగా మిల్లింగ్ చేస్తున్న మనిషి ఇంగ్లీషులో అడగలేక ఊరుకుంటాడు. అతను తెలుగులో అడిగితే, ఆ ప్రశ్నని వక్తకి ఇంగ్లీషులో అందించడం అధ్యక్షుడి పని. మొదటి ప్రశ్న ఎప్పుడూ వెనక వరసకి ఇవ్వండి. జవాబు "మంచి ప్రశ్న, మేం పరిశీలిస్తాం" అని వస్తే అధ్యక్షుడు అక్కడ వదిలెయ్యకూడదు. "ఏ విభాగం పరిశీలిస్తుంది? ఎవరికి రాయాలి?" అని ఇంకో రెండు ప్రశ్నలు వెయ్యాలి. సదస్సు మొత్తంలో విలువైన నిమిషాలు అవే.

మధ్యాహ్నం ముఖాముఖి బల్లలు. ఒక్కో నిపుణుడికి ఒక బల్ల, ఒక్కో షాపుకి పన్నెండు నిమిషాలు. వచ్చేవాళ్లు ఒక పేజీ తెచ్చుకోవాలి. దాని మీద మెషీన్లు ఏమున్నాయి, కొలతల్లో ఎంత టాలరెన్స్ (తేడా రాకుండా) పట్టగలరు, ఏఎస్9100 నాణ్యతా సర్టిఫికెట్ ఉందా, ఇప్పటిదాకా ఎవరికి చేశారు అన్నవి చాలు. కంపెనీ చరిత్ర, దేవుడి బొమ్మ వద్దు. వస్తువు ఉంటే తప్పకుండా తెమ్మనండి.

మరుసటి ఏడు బ్రాకెట్ ఆయన్ని ఫోన్ చేసి మరీ పిలిచాను. రానన్నాడు, ఒప్పించాను. అదే డబ్బా, అదే గుడ్డ. గ్రూప్ కెప్టెన్ గారు బ్రాకెట్‌ని తీసుకుని కళ్లజోడు నుదుటి మీదికి తోసి, కిటికీ వెలుతురుకి పట్టి చూశారు. తర్వాత బొటనవేలితో లోపలి అంచు మీద మెల్లగా రాశారు, ఒకచోట ఆగారు. "ఇక్కడ బర్ (కోతలో మిగిలిన గరుకు అంచు) ఉంది. డీబరింగ్ చేత్తో చేస్తున్నావా?" అవునన్నాడు. "వైబ్రేషన్ టెస్టులో పగులు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆ అంచుకి రేడియస్ (గుండ్రటి వంపు) ఇవ్వమని డ్రాయింగులో ఉండాలే, చూశావా?" డ్రాయింగు కాపీలో ఆ మూల ఫొటోస్టాట్‌లో మసకబారి ఉందట. రెండేళ్లుగా ఆ భాగం ఎందుకు వెనక్కి వస్తోందో అతనికి ఎవరూ చెప్పలేదు, రిజెక్టెడ్ అన్న ముద్ర తప్ప.

అయిపోయాక

ఫొటోలు ఆ రాత్రే గ్రూపులో పెట్టేస్తారు, అది ఎవరూ చెప్పక్కర్లేదు. పదిహేను రోజుల్లోపు ఇంకో పని చెయ్యాలి. జవాబు రాని ప్రశ్నలన్నీ వరసగా రాసి, ఏ ప్రశ్న ఏ సంస్థకో విడదీసి, అధ్యక్షుడి సంతకంతో పంపండి. సంఘం కార్యదర్శి సంతకంతో వెళ్లిన ఉత్తరానికీ, ఆ రంగంలో ముప్పై ఏళ్లు చేసిన మనిషి సంతకంతో వెళ్లిన ఉత్తరానికీ తేడా ఉంటుంది. రెండూ పంపి చూశాను కాబట్టి చెప్తున్నాను. ఉత్తరంలో మాట్లాడినవాళ్ల పేర్లు రాయొద్దు. "ఒక తయారీదారుకు ఎదురైన సమస్య" అంటే చాలు. లేకపోతే వచ్చే ఏడు ఎవరూ నోరు విప్పరు.

చివరిగా బిల్లులు. చిన్న పరిశ్రమలకి నలభై ఐదు రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెప్తుంది. దాని మీద ఒక సెషనంతా పెట్టి, పెద్ద కంపెనీలని నిలదీసి, చప్పట్లు కొట్టించుకుని, మైకు సెట్టు అబ్బాయిని మాత్రం మూడు నెలలు తిప్పించుకున్నాం ఒకసారి. అతను చివరికి ఆ సెషన్ రికార్డింగే నాకు పంపించాడు.